పదకొండో పిస్తోలు

ఆ గురువారం పొద్దున హుస్సేన్ వలి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం రెండింటికల్లా పదకొండో పిస్తోలు సంగతి తేల్చేసి, హవల్లీలో ఉన్న ఫ్లాటుకు చేరి, భార్య ఆసియా బీ వండే ఖీమా తిని, సాయంత్రం దాకా నిద్రపోవాలి. ఇందులో ఎవరికీ అపకారం లేదు.

రాయచోటి నుంచి వచ్చి తొమ్మిదేళ్లుగా అతను కువైట్ సిటీలో వేట సామాను, క్రీడా తుపాకులు అమ్మే ఒక దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తుపాకీని చేత్తో ముట్టుకోలేదు. నంబర్లు కంప్యూటర్లో ఎక్కించడం, కాగితాలు ఫైళ్లలో పెట్టడం, మేనేజరు రమ్జీ కోపంలో ఉన్నప్పుడు ఎదురుపడకుండా ఉండడం, ఈ మూడూ అతనికి బాగా వచ్చు.

రెండు వారాల కిందట పిస్తోళ్లు తయారుచేసే కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గురి పోటీల కోసం అమ్మిన ఒక రకం పిస్తోలు లోపల చిన్న స్ప్రింగు సరిగ్గా లేదట. చెయ్యి జారి కింద పడితే ట్రిగ్గరు నొక్కకపోయినా పేలవచ్చట. కాబట్టి కొన్నవాళ్ల దగ్గర నుంచి అన్నీ వెనక్కి తెప్పించి, ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి. ఈ దుకాణం అలాంటివి పదకొండు అమ్మింది. పదకొండు మందికీ ఫోన్ చేసే పని హుస్సేన్ వలి నెత్తిన పడింది.

పిస్తోలు ఉన్న మనుషులు ఇన్ని రకాలుగా ఉంటారని అతనికి అప్పుడే తెలిసింది. ఒక పళ్ల డాక్టరు పిస్తోలు పెట్టెను వెనక సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు కట్టి, గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో తెచ్చి అప్పగించాడు. ఒక వ్యాపారి, "నాది మూడుసార్లు కింద పడింది, ఏమీ కాలేదు. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను" అని కౌంటరు ముందు చెయ్యి పైకెత్తాడు. అందులో తూటాలు లేవని ఆయన చెప్పేలోపలే రమ్జీ బల్ల కిందికి చేరిపోయాడు. ఇంకొకాయన, ఎలాగూ విప్పుతారు కదా, పిడికి బంగారు పూత కూడా పూసి ఇమ్మన్నాడు. మరొకాయన, అత్తగారు ఇంట్లో ఉన్నారనీ, ఆవిడ చూస్తుండగా పిస్తోలు బయటికి తీస్తే బాగుండదనీ చెప్పి నాలుగు రోజుల గడువు అడిగాడు. మొత్తానికి పది వచ్చాయి.

పదకొండోది రిటైర్డ్ కర్నల్ అబూ ఫహద్ గారిది. జాబ్రియాలో ఇల్లు. ఆయన ఒకే ఒక్కసారి ఫోన్ ఎత్తి, "ఆయుధం తప్పు చెయ్యదు. చెయ్యి తప్పు చేస్తుంది. నా చెయ్యి తప్పు చెయ్యదు. ఖలాస్" అని పెట్టేశాడు. ఆ తరువాత చేసిన తొమ్మిది ఫోన్లకూ జవాబు లేదు.

"రెండింటికి కంపెనీకి రిపోర్టు పంపాలి. ఒక పిస్తోలు ఎక్కడుందో తెలియదని రాస్తే మన లైసెన్సు పోతుంది. దుకాణమే లేకపోతే నీ ఇఖామా, ఈ దేశంలో నువ్వుండే అనుమతి, ఎక్కడ ఉంటుందో నువ్వే ఆలోచించుకో" అన్నాడు రమ్జీ.

హుస్సేన్ వలి ఆలోచించుకుని, ఈసారి కర్నల్ ఇంటి ల్యాండ్‌లైనుకు చేశాడు. అవతల ఒక ఆడమనిషి ఎత్తింది. అతను అరబ్బీలో మర్యాదగా సలాం చెప్పి, కర్నల్ గారు ఉన్నారా అని అడిగాడు. అవతల నుంచి, "ఓయమ్మా, ఈయనెవురో గడగడా మాట్లాడతాండాడే!" అని వినిపించింది.

హుస్సేన్ వలికి ప్రాణం లేచి వచ్చింది. "అక్కా! నీది ఏ ఊరక్కా?"

"ఓబులవారిపల్లె తట్టు నాయనా. నువ్వెవురు?"

"మాది రాయచోటిలే. హుస్సేన్ వలి అంటారు. తుపాకుల షాపు నుంచి మాట్లాడతాండా. మీ బాబా ఉండాడా?"

ఆవిడ పేరు మునిలక్ష్మి. ఆ ఇంట్లో ఆరేళ్లుగా వంట చేస్తోంది. అక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్లకు యజమాని బాబా, యజమానురాలు మామా. బాబా పొద్దున్నే మిత్రులతో కాఫీకి పాత సూక్‌కు, అంటే బజారుకు, వెళ్లాడనీ, ఫోను కారులోనే పారేసే అలవాటనీ చెప్పింది. ఆ వెంటనే తన గోడు మొదలుపెట్టింది. "ఆయనకు రెండేండ్ల నుంచి షుగరు దిగడంల్యా. నేనే చాయ్‌లో దొంగతనంగా చక్కెర ఏస్తాండానని మామాకు అనుమానం. వచ్చే నెల టికెట్టు కొట్టి ఊరికి పంపిస్తానంటాండాది. నా కూతురు నర్సింగు సదువు ఇంగా ఒగ సంవచ్చరం ఉండాది నాయనా, నేనిప్పుడు పోతే ఎట్ల?"

"దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం గానీ, ముందు ఈ మాట ఇనుకో అక్కా. బాబా పిస్తోలు చెడిపోయింది. కింద పడితే దానంతట అదే పేలుతాది. రెండు గంటల్లోపల అది మా షాపుకు రావల్ల. మామాకు చెప్పు."

"అయ్యో దేవుడా! ఆ పెట్టెకు వారం వారం దుమ్ము తుడిచేది నేనే గదా! పోయిన బేస్తవారం చెయ్యి జారి కింద కూడా ఏసినా!" అని మునిలక్ష్మి ఫోను వదిలేసి పరుగెత్తింది.

ఆవిడకు వచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. ఉల్లిపాయ, ఉప్పు, వేడి, చల్లన, బాగుంది, చెడిపోయింది. వాటితోనే మామా ముందు నిలబడి, "ముసద్దస్ ఖర్బాన్" అంది, పిస్తోలు చెడిపోయిందని. పేలుతుందనే మాట తెలియక రెండు చేతులూ గాల్లోకి విసిరి "బూమ్!" అంది. మామా తెల్లబోయి "ఎప్పుడు?" అని అడిగింది. షాపుకు ఎప్పటిలోగా పంపాలని అడుగుతోందనుకుని మునిలక్ష్మి గోడగడియారంలో రెండు అంకె మీద వేలు పెట్టింది.

ఐదు నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయింది. మామా, కోడలు, చిలుక పంజరం, డ్రైవరు బాలసుబ్బయ్య అందరూ నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో వీధిలో నిలబడ్డారు. పక్కింటివాళ్లు సంగతేమిటని అడిగి, తెలుసుకుని, వాళ్లూ వచ్చి నిలబడ్డారు. మామా అక్కడి నుంచే షాపుకు ఫోన్ చేసి, పిస్తోలు రెండింటికి పేలబోతోందని అరిచింది. ఆ ఫోను రమ్జీ ఎత్తాడు. కంపెనీ ఉత్తరంలో ముహూర్తం లేదు గానీ, వేళ్లాడుతున్న లైసెన్సు ముందు ఆయనకు తర్కం తోచలేదు.

"ఎవరూ ముట్టుకోవద్దు! మా నిపుణుణ్ని పంపుతున్నాను" అన్నాడు.

నిపుణుడు ఎవరా అని హుస్సేన్ వలి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది.

పావుగంటలో టాక్సీ దిగిన నిపుణుణ్ని చూసి వీధిలో జనం దారి ఇచ్చారు. అతని చేతిలో ఒక ఫారం, ఒక పెన్ను మాత్రమే ఉన్నాయి. మునిలక్ష్మి ముందు నడిచి మేడ మీద గది చూపించింది. బీరువా పైన నల్లటి గట్టి పెట్టె. తాళం వేసి ఉంది. తాళంచెవి కర్నల్ జేబులో ఉంటుందట.

"వలీ, నీకు ఇట్లాంటియి అలవాటే గదా?" అని అడిగింది మునిలక్ష్మి.

"అలవాటే" అన్నాడు హుస్సేన్ వలి. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

బాలసుబ్బయ్య చలికాలం కప్పుకునే మూడు దుప్పట్లు తెచ్చాడు. మునిలక్ష్మి పెద్ద పండుగలకు అన్నం వండే డేగిసా మూత తెచ్చి అడ్డంగా పట్టుకుంది. ఆ మూత వెనక నుంచి హుస్సేన్ వలి చేతులు చాపి, బిస్మిల్లా అనుకుని, పెట్టెను కిందికి దించాడు. లోపల ఏదో గలగలలాడింది. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. తెరిచి చూసుకుంటే ముగ్గురూ ఉన్నారు.

పెట్టెను పసిబిడ్డలా దుప్పట్లలో చుట్టారు. దాన్ని ఎవరు పట్టుకోవాలనే ప్రశ్న వచ్చినప్పుడు మామా కిటికీ కింద నుంచి తీర్పు చెప్పింది. పోయిన వారం సంగతి మునిలక్ష్మి అప్పటికే ఒప్పుకుంది కాబట్టి, కింద పడేసిన మనిషే పట్టుకోవాలి. అలా మునిలక్ష్మి ఒడిలో పెట్టెతో వెనక సీట్లో, హుస్సేన్ వలి ముందు సీట్లో, బాలసుబ్బయ్య స్టీరింగు దగ్గర కూర్చున్నారు. మామా, కోడలు ఇంకో కారులో వంద గజాల దూరంలో వెనకే బయలుదేరారు.

"సుబ్బయ్యన్నా, స్పీడు బ్రేకరు! స్పీడు బ్రేకరు!"

"కనపడతాండాదిలే! నువ్వరిస్తే నా కాలు వణుకుతాది, గమ్మునుండు!"

"అన్నా, నిదానంగా పోన్లే. దీంట్లో ఏదో దొర్లుతాండాది" అంది మునిలక్ష్మి ఏడుపు గొంతుతో.

కారు ఎంత నిదానంగా పోయిందంటే, సైకిలు మీద పోతున్న ఒకతను దాటిపోతూ లోపలికి తొంగి చూశాడు. కువైట్‌లో వేగంగా పోయేవాళ్లను ఎవరూ వింతగా చూడరు. నిదానంగా పోతే మాత్రం అనుమానం వస్తుంది. సిగ్నలు దాటగానే పోలీసు గస్తీ కారు పక్కకు ఆపింది. కుర్ర అధికారి ఒకాయన దిగి, వెనక సీట్లో మూట చూసి, "పాపకు జ్వరమా? ఆసుపత్రికి దారి చూపించనా?" అని దయగా అడిగాడు.

అబద్ధం ఆడితే జైలు, నిజం చెప్పినా జైలే అని హుస్సేన్ వలికి తోచింది. పరాయివాడి పిస్తోలు, తన చేతిలో లైసెన్సు లేదు, యజమాని పక్కన లేడు. వేలిముద్రలు తీయించి, విమానం ఎక్కించి, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టకుండా చేస్తారు. ఆసియా బీ ఒక్కతే సామాను సర్దుకుంటున్నట్టు కళ్ల ముందు కనబడింది. అయినా నోరు నిజమే చెప్పింది.

"పాప కాదు సార్. పిస్తోలు. రెండింటికి పేలుతుందట."

అప్పుడు టైము ఒంటిగంటా పది. ఒంటిగంటా ఇరవైకి ఆ రోడ్డు రెండు వైపులా మూతపడింది. నాలుగు పోలీసు కార్లు వచ్చాయి. దుప్పట్ల మూట రోడ్డు మధ్యలో ఒంటరిగా కూర్చుంది. ముగ్గురినీ ఒక గోడ నీడలో వరుసగా నిలబెట్టి పతాకాలు, అంటే సివిల్ ఐడీ కార్డులు, తీసుకున్నారు. బాలసుబ్బయ్య తిరుపతి వెంకన్నకు తలనీలాలు మొక్కుకున్నాడు. అతనికి తల మీద ఉన్నవే తక్కువ, అయినా మొక్కుకున్నాడు.

ఎవరో మిత్రుడి ఫోనులో దొరికిన కర్నల్, ఒంటిగంటన్నరకు పొడుగాటి తెల్ల దిష్‌దాషా అంగీ ఎగరేసుకుంటూ వచ్చిపడ్డాడు. వచ్చీ రావడంతోనే ముందు పోలీసుల మీద, తరువాత షాపు మీద, చివరికి ఎండ మీద కోప్పడ్డాడు. అధికారి సెల్యూట్ చేసి, "సార్, పెట్టె తెరిచి తూటాలు తీసెయ్యండి, చాలు" అన్నాడు.

కర్నల్ గొంతు తగ్గింది. "అది నా సొంత వస్తువు. ఇంటికెళ్లి తెరుస్తాను."

"ఇక్కడే తెరవాలి సార్."

"ఇంతమంది ముందా?"

"సార్, టైము ఒంటిగంటా ముప్ఫై ఐదు."

కర్నల్ వెనక్కి తిరిగి చూశాడు. వంద గజాల దూరంలో ఆగిన కారు దిగి భార్య నడిచి వస్తోంది. యుద్ధాలు చూసిన మనిషి అంతగా బెదరడం హుస్సేన్ వలి అంతకుముందు చూడలేదు. చేసేది లేక కర్నల్ మూట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వణుకుతున్న వేళ్లతో తాళం తీసి, మూత ఎత్తాడు.

లోపల ఎర్ర మఖమల్‌లో పిస్తోలు ఆకారంలో ఒక గుంట ఉంది. ఆ గుంటలో గొట్టం ఉండవలసిన చోట ఒక పొడవాటి చాక్లెట్, పిడి ఉండవలసిన చోట పిస్తా కూరిన ఖర్జూరాలు. పక్కన తూటాలు పెట్టే పది చిన్న గుంటల్లో ఎనిమిదింటిలో బంగారు కాగితం చుట్టిన మిఠాయిలు నిటారుగా నిలబడి ఉన్నాయి. మిగతా రెండూ జారి అడుగున దొర్లుతున్నాయి.

అధికారి చేతికి తొడుగు వేసుకుని, ఖర్జూరాల కింద మడిచి ఉన్న కాగితం బయటికి తీసి చదివాడు. అది వాళ్ల స్టేషను వాళ్లే రెండేళ్ల కిందట ఇచ్చిన రసీదు. కర్నల్ తన పిస్తోలును స్వచ్ఛందంగా అప్పగించాడని అందులో ఉంది.

"చెయ్యి వణకడం మొదలైంది" అన్నాడు కర్నల్ నేల చూస్తూ. "వణికే చెయ్యి దగ్గర ఆయుధం ఉండకూడదు. నేనే వెళ్లి ఇచ్చేశాను. ఎవరికీ చెప్పుకోలేకపోయాను." కాస్త ఆగి, "పెట్టె ఖాళీగా ఉంది. ఆ పెట్టె జోలికి ఇంట్లో ఎవరూ రారు" అన్నాడు.

మామా మిఠాయిలు చూసింది, మొగుడి వేళ్లు చూసింది, గోడ నీడలో చెమటలు కక్కుతున్న మునిలక్ష్మిని చూసింది. తిన్నగా వెళ్లి మునిలక్ష్మి చెయ్యి పట్టుకుని తన కారు వైపు, ఏసీ ఉన్న వైపు నడిపించింది. "రెండేళ్లు నిన్ను అన్నాను. నా తప్పు. టికెట్టూ లేదు, ఏమీ లేదు" అంది.

"ఆ పెట్టెలో యాలక్కాయల వాసన వస్తాంటే తుపాకులకు పూసే నూనె అనుకుంటి నాయనా" అని మునిలక్ష్మి పోతూ పోతూ హుస్సేన్ వలితో అంది. చాలా రోజుల తరువాత ఆవిడ నవ్వింది.

అధికారి కార్డులు తిరిగి ఇచ్చేశాడు. నవ్వు ఆపుకోవడానికి టోపీ రెండుసార్లు సర్దుకున్నాడు. హుస్సేన్ వలి రసీదు మీద నంబరును తన జాబితాతో సరిచూసుకున్నాడు. అంకె అంకె సరిపోయింది. కర్నల్ కారు బానెట్ మీద ఫారం పెట్టుకుని సంతకం చేశాడు. ఈసారి ఆయుధాల గురించి ఏమీ అనలేదు. బాలసుబ్బయ్య మిఠాయి ఒకటి దక్కుతుందేమోనని పెట్టె వైపు చూశాడు గానీ, అప్పటికే అది మామా చంకలోకి చేరింది.

రెండుకు ఏడు నిమిషాలు ఉండగా హుస్సేన్ వలి షాపులోకి వచ్చి కుర్చీలో పడ్డాడు. రమ్జీ నీళ్లు తెచ్చి ఇచ్చి, "ముందు ఫారం, తరువాత ప్రాణం" అన్నాడు. హుస్సేన్ వలి వరుసగా నింపుకుంటూ పోయాడు. చివరి గడిలో, "ప్రమాదకరమైన వస్తువును యజమాని వద్ద నుంచి ఎవరు స్వాధీనం చేసుకున్నారు?" అని ఉంది.

అందులో "ఆయన భార్య" అని రాశాడు.