అప్పగింతలకు మిగిలిన చోటు

పెళ్ళి సీడీ తొంభై ఏడు శాతం దగ్గర ఆగిపోవడంతో హైమావతి అత్తవారి వంటింట్లోంచి మాయమై, మళ్ళీ కల్యాణ మండపంలో పెళ్ళి పీటల పక్కన కనిపించింది. ఆ సమయానికి ఆమె చారుకి పోపు పెడుతోంది. ఆవాలు మాడిన వాసన వచ్చాక గానీ ఇంట్లోవాళ్ళు గమనించలేదు. అత్తగారు సుభద్రమ్మ వచ్చి ముందు స్టవ్ ఆర్పింది. తర్వాత హాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుకు దగ్గరికి వెళ్ళి, "ఏరా, ఏం చేశావు?" అని అడిగింది.

వేల్పులంకలో డిస్కులోకి ఎక్కని సంగతి జరగనట్టే. ఈ నియమం ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. దాని తాలూకు డిస్కు మీద గీతలు పడి ఆడడం మానేసిందని పెద్దవాళ్ళు చెబుతారు. గృహప్రవేశమైనా, అన్నప్రాశనైనా వీడియో తీయించుకుని, ఇంటి కంప్యూటర్ మీద ఇంటివాళ్ళే డిస్కుకి ఎక్కించుకోవాలి. పెళ్ళి డిస్కు రాసే పని పెళ్ళికొడుకుది. సత్యనారాయణ వ్రతం అయిన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, కంప్యూటర్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, ఖాళీ డిస్కుని తల్లి చేతుల మీదుగా అందుకుని మొదలుపెడతాడు. పని పూర్తయ్యేదాకా ఎవరూ గడప దాటరు. అందరికీ అలవాటైన పద్ధతే.

పెళ్ళికొడుకు ఫణీంద్ర కంప్యూటర్ తెలిసినవాడు. మూడు నెలల కోర్సు చేసిన సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి, దేవుడి పటాల వరసలోనే తగిలించారు. అందుకే ఎవరి సలహా అడగడం అతనికి నామోషీ అనిపించింది. నిదానంగా రాయాల్సిన డిస్కుని అన్నిటికంటే ఎక్కువ వేగంలో పెట్టాడు. పెట్టినవాడు చేతులు కట్టుకుని కూర్చున్నా బాగుండేది. ఊసుపోక పేకాట తెరిచాడు. ఇస్పేటు రాణిని ఎత్తి కళావరు రాజు మీద పెట్టబోయి, అది నల్ల మీద నల్ల అని గుర్తొచ్చి ఆగిన క్షణంలో కంప్యూటర్ కూడా ఆగిపోయింది. సీడీ పళ్ళెం తనంతట తానే బయటికొచ్చింది. పని అయిపోయిందనుకుని అతను వీడియో ఫైలు చెరిపేశాడు. వీడియో తీసినవాడు అప్పటికే అదే టేపు మీద ఇంకో పెళ్ళి తీసేశాడు.

ఆగిపోయిన మూడు శాతంలో ఉన్నవి అప్పగింతలు. జీలకర్ర బెల్లం ఎక్కింది, తాళి ఎక్కింది, తలంబ్రాలు ఎక్కాయి. భోజనాలైతే మరీ ఎక్కువగా ఎక్కాయి. తమవైపు చుట్టాల్లో ఒక్కరిని కోసేసినా ఒప్పుకోనని సుభద్రమ్మ ముందే చెప్పింది. దానికి కారణం ఉంది. ఆవిడ మేనత్త కొడుకుని ఎవరి పెళ్ళి డిస్కులోనో భోజనాల దగ్గర తీసేస్తే, ఆయన ఇప్పటికీ ఆకలి ఆకలి అంటూ తిరుగుతున్నాడు. అందువల్ల బంతులన్నీ పెరుగన్నం దాకా ఉంచారు, మొత్తం వీడియో సరిగ్గా డిస్కు అంచుదాకా పట్టేంత అయింది. అంటే హైమావతికి పెళ్ళయింది, ఆమె పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ కడుపునిండా తిన్నారు. ఆమెను మాత్రం ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. అప్పగించని పెళ్ళికూతురు ఉండవలసిన చోటు మండపమే కాబట్టి ఆమె మండపంలో ఉంది.

డిస్కుల ఆఫీసు మునిసిపల్ సత్రం మేడ మీద ఉంటుంది. రోజూ అడిగిందే అడిగి ప్రాణం తీస్తున్నారని, తరచూ వచ్చే ప్రశ్నలకి జవాబులు గోడ మీద రంగుతో రాయించారు. డిస్కు రాస్తున్నప్పుడు కంప్యూటర్ మీద వేరే పని చేసుకోవచ్చా? చేసుకోకూడదు. మా ఇంట్లో ఆడిన డిస్కు పక్కింట్లో ఎందుకు ఆడదు? రాయడం అయ్యాక మీరు దాన్ని మూయలేదు గనక, మూస్తే ఇక దాని మీద ఇంకేమీ ఎక్కదు. కాపీకి కాపీ తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, అసలు మనిషి ఎవరో గుర్తుంచుకునే బాధ్యత మీదే. ఒకసారి రాసింది చెరిపి మళ్ళీ రాసే డిస్కులు దొరుకుతాయా? దొరుకుతాయి, కానీ అవి ఎన్నికల హామీలకి మాత్రమే ఇస్తారు.

హైమావతి తండ్రి గంగరాజు ఆ గోడని పైనుంచి కిందిదాకా చదివి, తన ప్రశ్న కనిపించక కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. కౌంటర్లో ఉన్న ఆదిశేషు డిస్కుని వెలుతురుకి ఎత్తి, రాసిన భాగానికీ రాయని భాగానికీ మధ్య ఉన్న సన్నటి గీతని చూపించాడు.

"కొత్త డిస్కు మీద మొదట్నుంచీ రాసేస్తే పోదాండీ?" అన్నాడు గంగరాజు.

"అది రెండో పెళ్ళి కిందికొస్తుందండి. మొదటి మొగుడు బతికే ఉన్నాడు కదా, కుదరదు. కాకపోతే మీ అదృష్టం, ఈ డిస్కు ఇంకా మూసుకోలేదు. మిగిలిన చోట్లో అప్పగింతలు రాసుకోవచ్చు. ఏడాది లోపు రాయండి. గడువు దాటితే ఎలా ఉన్నదాన్ని అలాగే మేమే మూసేస్తాం."

"మూసేస్తే మా అమ్మాయి?"

"మండపంలోనే ఉంటారండి. ఇబ్బందేం ఉండదు, అక్కడ నీళ్ళ వసతి బాగుంటుంది."

మండపం చూసుకునే మంగతాయారుకి ఇలా మిగిలిపోయినవాళ్ళు కొత్త కాదు. అంతకుముందు ఒక తోటి పెళ్ళికొడుకు పది నెలలు ఉన్నాడు. హైమావతికి స్టోరు రూము పక్కగది ఇచ్చింది. మొదట్లో ఆ పిల్ల రోజూ గేటు దాటి చూసేది. బయటికి వేసిన అడుగు రోడ్డు మీద పడేలోపే మళ్ళీ పెళ్ళి పీటల పక్కన ఉండేది. రోడ్డుకి అవతల బజ్జీల బండి కనిపిస్తూ ఉండేది, వాసన కూడా వచ్చేది. కొన్నాళ్ళకి ఆమె గేటు వైపు వెళ్ళడం మానేసింది. వెళ్ళాలన్న కోరిక మాత్రం పోలేదు. ఎవరు వచ్చినా బయట ఎండగా ఉందా, మబ్బుగా ఉందా అని అడిగేది.

పుట్టింట్లో హైమావతి మితభాషి అని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందోగానీ మండపంలో అది నిలవలేదు. వారానికి మూడు పెళ్ళిళ్ళు చూసేసరికి ఆమెకి మాటలొచ్చాయి. సన్నాయి వాళ్ళకి ఎప్పుడు ఎత్తుకోవాలో చెప్పేది. సాంబారు పలచన చేస్తున్న వంటవాళ్ళని స్తంభం దగ్గర నిలబడే కేకలేసేది. పెళ్ళికూతుళ్ళు ముస్తాబు చేసుకునే గదిలోకి వెళ్ళి, "నీకు ఇష్టమేనా?" అని అడిగేది. ఎవరూ అడగని ప్రశ్న కావడంతో వాళ్ళు ముందు భయపడేవారు, తర్వాత ఏడ్చేవారు, ఒక్కోసారి నవ్వేవారు. ఆమె గొంతు మైకు లేకుండానే చివరి వరస దాకా వినిపించేది. మంగతాయారుకి ఆ గొంతంటే చాలా ఇష్టం. ఆ పిల్ల కేక వినకపోతే పెళ్ళి జరుగుతున్నట్టే ఉండదని అందరితోనూ అనేది.

గడువు దగ్గర పడ్డాక మళ్ళీ అప్పగింతలు తీయడానికి ముహూర్తం పెట్టారు. సుభద్రమ్మ పెళ్ళి రోజు కట్టుకున్న పట్టుచీరే కట్టుకుంది. గంగరాజు కూడా అదే పంచె వెతికి కట్టుకున్నాడు. చిన్నకూతురు నీరజ పాలపళ్ళెం పట్టుకుని నిలబడింది. గంగరాజుకి పెద్దకూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టి ఏడవాలని తెలుసు. మొదటిసారి ఆ ఏడుపు తనంతట తానే వచ్చింది. ఇప్పుడు వస్తుందో రాదోనని దారి పొడుగునా బెంగపడ్డాడు. తీరా ఆ చేతులు పట్టుకునేసరికి అవి గరుకుగా తగిలాయి. ఏడాదిలో అంట్లు తోమి, బల్లలు మోసి చేతులు మారిపోయాయి. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

"నాన్నా," అంది హైమావతి, "నువ్వు ఏడవకు. ఒకటి అడుగుతాను, చెప్పు. అప్పుడు ఇదే చోట నా చేతులు పట్టుకున్నావు. ఇప్పుడూ పట్టుకున్నావు. వెళ్తావా అమ్మా అని ఒక్కసారైనా అడగాలనిపించలేదా నీకు?"

సన్నాయి ఆగిపోయింది. వీడియో తీసేవాడు ఆపాలో వద్దో తెలియక తీస్తూనే ఉన్నాడు.

"అడిగితే నువ్వు ఏమంటావోనని భయమేసిందే," అన్నాడు గంగరాజు.

"వెళ్తాననే అనేదాన్ని నాన్నా. అడిగి ఉంటే నవ్వుతూ వెళ్ళేదాన్ని."

అత్తగారు గొంతు సవరించుకుంది. సన్నాయి మళ్ళీ మొదలైంది. పాలు, చేతులు, కన్నీళ్ళు, అన్నీ పద్ధతి ప్రకారం పూర్తయ్యాయి.

ఫణీంద్ర ఈసారి డిస్కుని ఆఫీసుకే తీసుకెళ్ళాడు. వెనకాలే గంగరాజు, సుభద్రమ్మ వెళ్ళారు. ఆదిశేషు లెక్క చూసి పెదవి విరిచాడు. కొత్త అప్పగింతలు నాలుగు శాతం వచ్చాయి. చోటు మూడు శాతమే ఉంది.

"బొమ్మ నాణ్యత తగ్గించచ్చండి. మొహాలు కాస్త మసగ్గా వస్తాయి," అన్నాడు.

"అప్పుడు బయట కూడా మొహాలు మసగ్గానే ఉండిపోతాయి. మా ఆడపడుచుని చూశాంగా. నేనొప్పుకోను," అంది సుభద్రమ్మ.

"పోనీ నా ఏడుపు తీసెయ్యండి బాబూ," అన్నాడు గంగరాజు.

"తండ్రి ఏడవకపోతే వాటిని అప్పగింతలు అనరండి. అవి ఇంకో విభాగం కిందికి వెళ్ళిపోతాయి. పాలు తీస్తే చేతులు కలవవు. అబ్బాయిగారిని తీయలేం." ఆదిశేషు లెక్క మళ్ళీ చూసుకున్నాడు. నెమ్మదస్తుడు, ఎవరి చెడూ కోరేవాడు కాదు. "ఒక పని చెయ్యచ్చండి. అమ్మాయిగారి గొంతు ఒక్కటీ తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. పోయినసారి ఫైల్లో అమ్మాయిగారి మాట ఏమైనా ఉందా?"

"లేదు బాబూ, అప్పుడు మాట్లాడలేదు," అంది సుభద్రమ్మ.

"అయితే ఇది తీసేయడం కూడా కాదండి. సరిచేయడం."

నియమం ప్రకారం హైమావతిని అడగాలి. గంగరాజు మండపానికి వచ్చి, చెప్పులు విప్పి, వంటశాల గట్టు మీద ఆమె పక్కన కూర్చుని సంగతంతా చెప్పాడు. గడువు మర్నాటితో అయిపోతుందని కూడా చెప్పి, నీకు సరేనా అని అడిగాడు. ఆమె బెండకాయలు తరగడం ఆపి విన్నది.

"నా గొంతు ఎంత చోటు పడుతుందట?"

"ఒక శాతం అంటున్నారమ్మా."

"అంతేనా!" అని హైమావతి పెద్దగా నవ్వింది. మంగతాయారు ఆ నవ్వు విని స్టోరు రూములోంచి బయటికి వచ్చింది. నవ్వడం అయ్యాక హైమావతి చాలాసేపు గేటు వైపు చూసింది. "ఇన్నాళ్ళకి ఒక ప్రశ్న అడిగావు నాన్నా. సరే అంటున్నాను. బయటికి వెళ్ళాలి నాకు."

గంగరాజు తలొంచుకుని చెప్పులు వేసుకున్నాడు. ఇంకేదో ఒకటి ఆ పిల్ల చేత మాట్లాడించాలనిపించింది గానీ ఏం అడగాలో తోచలేదు. బయట మబ్బుగా ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఫణీంద్ర ఈసారి నిదానమైన వేగం పెట్టాడు. పేకాట జోలికి పోలేదు. నూరు శాతం అయ్యాక డిస్కుని మూసేశాడు. మండపంలో ఆ సమయానికి హైమావతి సన్నాయి వాళ్ళతో ఏదో అంటోంది. మాట మధ్యలో ఆమె అక్కడ లేదు. అత్తవారి వంటింట్లో స్టవ్ ముందు నిలబడి ఉంది, చేతిలో పోపు గరిటె ఉంది. సుభద్రమ్మ వచ్చి, "చారు కాస్త పలచగా పెట్టమ్మా," అంది. హైమావతి నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. తర్వాత మూసుకుని చారు పలచగా పెట్టింది.

ఇప్పుడామె బజారుకి వెళ్తుంది, గుడికి వెళ్తుంది. ఏ రోడ్డు మీదైనా ఆమె అడుగు పడుతుంది. రోడ్డు అవతల బజ్జీల బండి దగ్గర నిలబడి వేలితో చూపించి కొనుక్కుంటుంది. ఇంటికి చుట్టాలు వస్తే సుభద్రమ్మ డిస్కు వేసి చూపిస్తుంది. అది ఎవరింట్లో ప్లేయర్లో పెట్టినా చక్కగా ఆడుతోంది. అప్పగింతల దగ్గర సన్నాయి, తండ్రి ఏడుపు వినిపిస్తాయి, అమ్మాయి పెదాలు మాత్రం కదులుతాయి. మంత్రం చదువుకుంటోంది కాబోలు అనుకుంటారు చూసేవాళ్ళు.

"మా కోడలికి నోట్లో నాలుక లేదు," అంటుంది సుభద్రమ్మ మురిపెంగా. వచ్చినవాళ్ళు హైమావతిని ఎగాదిగా చూసి, అలాంటి పిల్ల దొరకడం కష్టమని ఒప్పుకుంటారు. వెళ్ళేటప్పుడు ఫణీంద్రని పక్కకి పిలిచి అది ఎలా రాశాడో అడుగుతారు.

అడిగేవాళ్ళు ఎక్కువ కావడంతో ఆఫీసు గోడ మీద కొత్త ప్రశ్న చేర్చారు. అమ్మాయి గొంతు తీసేస్తే ఎంత చోటు కలిసొస్తుంది? ఒక శాతం, భోజనాల్లో ఇంకో బంతికి సరిపోతుంది. గోడ మీద అన్ని ప్రశ్నలకంటే దాని ముందే జనం ఎక్కువగా నిలబడుతున్నారు.

మాఘమాసంలో నీరజకి సంబంధం కుదిరింది. మర్నాడు పొద్దున గంగరాజు ఆఫీసు మేడ మెట్లు ఎక్కాడు. వరసలో తన వంతు వచ్చేదాకా కండువాతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆదిశేషు ఆయన్ని గుర్తుపట్టి కుశలం అడిగాడు. పెద్దమ్మాయి ఎలా ఉందని అడిగాడు.

"బాగానే ఉందండి. బయట తిరుగుతోంది," అన్నాడు గంగరాజు. తర్వాత కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించాడు. "బాబూ, మా చిన్నదానికి మొదట్నుంచీ ఆ గొంతు లేకుండానే రాసుకోవచ్చా? దీనికైనా మండపంలో ఉండిపోయే అవస్థ తప్పుతుందని."

"రాసుకోవచ్చండి," అన్నాడు ఆదిశేషు. "ఇప్పుడు చాలామంది అలాగే రాసుకుంటున్నారు."