విశ్వకళ్యాణ వీసా సహాయ కేంద్రం, రేపల్లె

ఇకమీదట ఈ తీరప్రాంతపు కుర్రాడు భూగోళం మీద ఏ దేశపు పిల్లనైనా నిర్భయంగా ప్రేమించవచ్చుననీ, వీసా సంగతి తాము చూసుకుంటామనీ తీరప్రాంత వికాస కార్పొరేషన్ ఛైర్మన్ భావనారాయణగారు తెనాలిలో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. ఆ కార్పొరేషన్ పుట్టి ఏడు నెలలైంది. ఛైర్మన్‌గారికి కారిచ్చారు, గన్‌మన్‌నిచ్చారు, పని మాత్రం ఇవ్వలేదు. ఇంకొకరైతే హాయిగా ఊరుకునేవారు. ఆయన ఊరుకునే మనిషి కాదు. పనిని తనే కనిపెట్టారు.

"వేరే దేశపు అమ్మాయిని మూడో దేశంలో పెళ్ళి చేసుకోవాలంటే ఎన్ని వీసాలు, ఎన్ని కాగితాలండీ! మన పిల్లలు నలిగిపోతున్నారు," అని కళ్ళు తుడుచుకున్నారు. కెమెరా అబ్బాయి అది సరిగా పడలేదంటే పాపం మళ్ళీ తుడుచుకున్నారు.

ఇందుకోసం పెట్టే సహాయ కేంద్రం రేపల్లెలోనే ఎందుకని ఒక విలేకరి అడిగాడు.

"తెనాలిలో ఎక్కిన రైలు రేపల్లెలో ఆగిపోతుంది. అంటే దేశం అక్కడితో అయిపోయినట్టేగా. అక్కణ్ణుంచి అంతా విదేశమే," అన్నారు ఛైర్మన్‌గారు.

రేపల్లె అవతల ఇంకా బోలెడు ఊళ్ళున్నాయని ఎవరూ అనలేదు. ఆ ఊళ్ళలో ఒకటైన నిజాంపట్నంలో, హార్బరు పక్క రేకుల షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేసే నాగశివ మర్నాడు ఈ వార్త పేపర్లో చదివి, చేతి గ్రీజు తుడుచుకోకుండానే లేచి నిలబడ్డాడు. వార్త అతని కోసమే రాసినట్టుంది మరి.

నాగశివ నాలుగేళ్ళు మస్కట్‌లో ఓడల రిపేర్లు చేశాడు. అక్కడ చెయ్యి విరిగితే కట్టు కట్టిన నర్సు జోసెలిన్. ఆమెది ఫిలిప్పీన్స్. కట్టు విప్పే నాటికి ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆమె దేశం వెళ్ళి చేసుకోవాలన్నా, ఇక్కడికొచ్చి చేసుకోవాలన్నా కాగితాల గొడవ తెమిలేలా లేదు. కొలంబో అయితే ఇద్దరూ టూరిస్ట్ వీసా మీద దిగి రిజిస్టర్ చేసుకోవచ్చని జోసెలినే అన్నీ విచారించి తేల్చింది. ఏప్రిల్ పదహారుకి తేదీ తీసుకుంది. ఆమెకున్న సెలవు తొమ్మిది రోజులు. అది దాటితే మళ్ళీ రెండేళ్ళ దాకా సెలవు లేదు.

నాగశివ పట్టుకెళ్ళాల్సినవన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఇతనికి పెళ్ళి కాలేదని ప్రభుత్వాధికారి సంతకం చేసిన కాగితం కావాలి. నోటరీది చెల్లదన్నారు.

తహసీల్దారు ఈశ్వరమ్మగారి దగ్గరికి అప్పటికే మూడుసార్లు తిరిగాడు. చట్టం ఆవిడ నాలుక చివర ఉంటుంది.

"పెళ్ళయిందని రాసిమ్మంటే రాసిస్తానయ్యా. కాలేదని ఎలా రాయను? జరిగినదానికి సాక్షులుంటారు. జరగనిదానికి ఎవరుంటారు?"

"ఊరంతా సాక్ష్యమే మేడమ్. ఎవర్నైనా అడగండి."

"ఊరికి తెలియకుండా చేసుకుని ఉంటే?"

"చేసుకోలేదండి!"

"చేసుకున్నవాళ్ళూ అదే అంటారు," అని ఆవిడ ఫైలు పక్కన పెట్టేశారు.

అందుకే కేంద్రం వార్త చదవగానే నాగశివ బస్సెక్కేశాడు. రేపల్లెలో ఒక రైస్ మిల్లు వెనక రెండు గదుల్లో కేంద్రం వెలిసింది. దాని అధికారి ఆంజనేయప్రసాద్ నిన్నటిదాకా చేపల పడవలకు లైసెన్సులిచ్చేవాడు. సముద్రంతో సంబంధం ఉన్నవాడే కదా, విదేశాలు సముద్రం అవతలే కదా అని పట్టుకొచ్చి వేశారు. గోడ మీద బోర్డులో టూరిస్ట్ వీసా, ఫియాన్సీ వీసా, స్పౌస్ వీసా అని మూడు రంగుల్లో రాయించారు. ఏది దేనికని నాగశివ అడిగాడు.

"వీసా ఇచ్చేది వాళ్ళ ఎంబసీ తమ్ముడూ. మేమిచ్చేది సహాయం."

"ఏం సహాయమండి?"

"ముందు ఫారం నింపు."

ఫారం కొత్తది ముద్రించడానికి టైము చాలలేదు. పాత పడవల ఫారంలోనే 'పడవ' అన్నచోటల్లా 'వధువు' అని స్టిక్కరు అంటించారు. వధువు పొడవు, వధువు తయారైన సంవత్సరం, వధువుకి వేసిన రంగు, వధువు ఇదివరకు ఎవరి పేరున ఉండేది, వధువుతో పాటు సముద్రంలోకి వెళ్ళే సిబ్బంది సంఖ్య. నాగశివ ఒళ్ళు మండినా తలొంచుకుని నింపాడు. ఇంజను నంబరు దగ్గర మాత్రం కలం ఆగింది.

"అక్కడ ఆవిడ పాస్‌పోర్టు నంబరు వెయ్యి. నంబరే కదా," అన్నాడు ఆంజనేయప్రసాద్ ఉదారంగా. "నీ కాగితం సంగతి మర్చిపో. ప్రారంభోత్సవం రోజున ఛైర్మన్‌గారే స్టేజీ మీద నీ చేతిలో పెడతారు. తొలి లబ్ధిదారుడివి నువ్వే."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రైల్వే స్టేషన్ నుంచి మిల్లు దాకా ఫ్లెక్సీలే. నాగశివ కొత్త చొక్కా తొడుక్కుని, తల్లి పేరంటాలుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఛైర్మన్‌గారు అతన్ని భుజం తట్టి, చుట్టూ చూశారు.

"పెళ్ళికూతురేదీ?"

"మస్కట్‌లో ఉందండి."

"నాన్సెన్స్. ఒక్కణ్ణే నిలబెడితే జనం ఏమనుకుంటారు? జనానికి జంట కనపడాలి."

జంట కోసం అటూ ఇటూ వెతికి, కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన కుసుమకుమారిని స్టేజీ ఎక్కించారు. ఆమెకి నలభై రెండేళ్ళు. ఆమె భర్త బాలస్వామి రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. నాగశివ వద్దు మొర్రో అంటుండగానే ఇద్దరి మెడల్లో దండలు పడ్డాయి. సన్నాయి ఊదేశారు. స్టేజీ మీదున్న పెద్దలందరూ అక్షింతలు వేశారు.

"అక్కా, ఏంటిది?" అన్నాడు నాగశివ పళ్ళ బిగువున.

"ఫోటో కోసమంట తమ్ముడూ. నవ్వు. నవ్వకపోతే మళ్ళీ తీస్తారంట," అంది కుసుమకుమారి.

బాలస్వామికి కోపం వచ్చి స్టేజీ మీదికి దూసుకొచ్చాడు. తన భార్య పెళ్ళికి తనకి మొదటి వరసలో కుర్చీ వెయ్యకపోవడమేంటని అడిగాడు. న్యాయమే కనక వేయించారు.

చివర్లో ఛైర్మన్‌గారు మంచమంత కాగితం ఒకటి నాగశివ చేతికిచ్చారు. అందులో 'శుభాకాంక్షలు' అని ఉంది. ఇంకేమీ లేదు.

మర్నాడు అన్ని పేపర్లలోనూ ఒకటే ఫోటో, ఒకటే వార్త. కేంద్రం చేయించిన తొలి పెళ్ళి. నాగశివ ఆ పేపరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి పరిగెత్తాడు.

"మేడమ్, ఇది నాటకమండి. నాకు పెళ్ళి కాలేదు. దయచేసి రాసివ్వండి."

ఈశ్వరమ్మగారు కళ్ళజోడు సవరించుకుని ఫోటోలో ఒక మూల వేలు పెట్టి చూపించారు.

"ఇదెవరు?"

"మీరేనండి."

"మరి? నేనే అక్షింతలు వేశాను కదయ్యా. వేసిన చేత్తో పెళ్ళి కాలేదని సంతకం చెయ్యమంటావా? నా ఉద్యోగం ఏం కావాలి?"

నాగశివ అటునుంచటే బాపట్ల వెళ్ళి ఛైర్మన్‌గారి ఇంటి ముందు రెండు గంటలు నిలబడ్డాడు. లోపలికి పిలిచాక దాచుకోకుండా ఏడ్చేశాడు. "ఆ పిల్ల నన్ను నమ్ముకుని టిక్కెట్టు కొనుక్కుంది సార్. పదమూడుకల్లా కొలంబోలో ఉంటుంది. అది పెళ్ళి కాదని మీరొక్క మాట పేపర్లో చెప్పండి చాలు."

"పెళ్ళి కాదంటే పథకం కాదంటారు అబ్బాయ్. పథకం కాదంటే ప్రభుత్వం ఏమైపోవాలి?" అన్నారు ఛైర్మన్‌గారు బాధగా. ఆ తర్వాత ఆయన కళ్ళు మెరిశాయి. "కొలంబో అన్నావా? నేనే వెళ్తాను. రిజిస్ట్రార్‌తో ముఖాముఖి మాట్లాడి నీకు పెళ్ళి కాలేదని నా నోటితో చెబుతాను. నువ్వు తొందరపడి బయల్దేరకు. నేను ఫోన్ చేశాక విమానం ఎక్కు."

నాగశివ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఇలాంటి నాయకుడు దొరకడం ఏ జన్మ పుణ్యమో అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత చాలాసార్లు తనని తాను తిట్టుకున్నాడు.

విదేశీ వివాహ వీసాల అధ్యయన యాత్ర పదమూడున బయల్దేరింది. ఛైర్మన్‌గారు, ఆయన ఇద్దరు బావమరుదులు, ఆంజనేయప్రసాద్, ఒక ఫోటోగ్రాఫరు. నాగశివ వచ్చేస్తున్నానని జోసెలిన్‌కి చెప్పి, బ్యాగు సర్దుకుని ఫోన్ ముందు కూర్చున్నాడు. పద్నాలుగు వెళ్ళింది. పదిహేను వెళ్ళింది. వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డుకి చేరినా షెడ్డు తెరవలేదు. "అన్నం తినరా అయ్యా, ఫోన్ ఎక్కడికీ పోదు," అని పేరంటాలు మొత్తుకుంది. పదహారు సాయంత్రం ఫోన్ మోగింది. చేసింది జోసెలిన్.

"రిజిస్ట్రార్ ఆఫీసు మూసేశారు. పొద్దుట్నుంచీ మెట్ల మీదే కూర్చున్నాను. నువ్వెందుకు రాలేదు?" అని ఇంగ్లీషులో అడిగింది. "మీవాళ్ళు మాత్రం ఒకసారి వచ్చి దండ వేసి, ఫోటో తీసుకుని, బీచికి వెళ్ళిపోయారు. మీ దేశంలో అతిథికి ఇదేనా మర్యాద?"

ఆ ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. మెడలో దండతో అయోమయంగా నవ్వుతున్న జోసెలిన్. జనానికి జంట కనపడాలి కనక పక్కనే, మెడలో దండతో, ఆంజనేయప్రసాద్. కొలంబోలో కేంద్రం చేయించిన రెండో పెళ్ళి, ఇప్పటిదాకా నూటికి నూరు శాతం విజయం అని రాశారు.

జోసెలిన్‌ని బతిమాలితే రిజిస్ట్రార్ దగ్గర ఇంకో తేదీ తీసుకుంది. ఆమె విమానానికి ఇంకా నాలుగు రోజులుంది. ఇవాళ కాగితం చేతికొస్తే రాత్రికే మద్రాసు బండెక్కొచ్చు. నాగశివ మళ్ళీ తహసీల్దారు ఆఫీసుకి పరిగెత్తాడు. బంట్రోతు ఆపుతున్నా వినకుండా లోపలికెళ్ళి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఒక్క కాగితం రాసివ్వండి."

ఈశ్వరమ్మగారు ఆ రోజు పేపరు మడతపెట్టి, మొదటిసారి అతని వంక జాలిగా చూశారు.

"ఆ అమ్మాయికీ పెళ్ళయిపోయిందటగా నాయనా, ఇంకా నీకీ కాగితం ఎందుకు?"