రొయ్యలు దూరిన ఎడిటర్

ఆ గురువారం ఆసిమ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి నాయనమ్మ గొంతు రికార్డు చెయ్యాలి. తొమ్మిదిన్నరకల్లా దాన్ని తన కోడ్ ఎడిటర్‌లో పెట్టాలి. పదిన్నరకి బెంజిసర్కిల్ అవతల కాలేజీ ల్యాబ్‌లో నలభై మంది విద్యార్థుల చేత వాడించి చూపించాలి. కంప్యూటర్ విభాగం పెద్ద దీవెన మేడమ్‌కి నచ్చితే రెండు ల్యాబ్‌లలోనూ ఇక అదే. నచ్చకపోతే సోమవారం నుంచి ఆసిమ్ ఆటోనగర్‌లో బాబాయి టైర్ల షాపులో కూర్చుంటాడు. తండ్రి పీరుకి అలాగని మాటిచ్చాడు.

ప్రోగ్రాములు రాసుకునే ఆ ఎడిటర్‌ని రెండేళ్ళుగా ఒక్కడే తయారుచేశాడు. ఏమేం కావాలో తెలిసిన ప్రోగ్రామర్లందర్నీ అడిగాడు. కళ్ళు మండకుండా నల్లటి తెర కావాలన్నారు. ఒకచోట పేరు మారిస్తే అన్ని ఫైళ్ళలోనూ మారాలన్నారు. మౌస్ ముట్టుకోకుండా పని జరగాలన్నారు. అన్నీ చేశాడు. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చే ఏంజెల్ అనే మొదటి సంవత్సరం అమ్మాయి మాత్రం కాగితం మీద ఒక్కటే రాసిచ్చింది: "తప్పు ఎక్కడుందో తెలుగులో పైకి చెప్పాలి. తిట్టకూడదు."

తిట్టకుండా తప్పు చెప్పగలిగే మనిషి ఆసిమ్‌కి తెలిసి ఒక్కరే. నాయనమ్మ జమాల్ బీ.

"దాదీ, ఈ కాగితంలో ఇరవై వాక్యాలున్నాయి. ఒక్కోటీ చదివి కొంచెం ఆగు. అంతే."

"ఈ సెమికోలన్ ఎవర్రా?"

"లైను చివర పెట్టే గుర్తు దాదీ. అది లేకపోతే ప్రోగ్రాం నడవదు."

"అంత చిన్నదానికి అంత అలకా? సరే, నువ్వెళ్ళి స్నానం చెయ్యి. నువ్వు ఎదురుగా ఉంటే నాకు నవ్వొస్తుంది."

ఆసిమ్ ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, వరండాలో బల్ల మీద ఉంచి వెళ్ళాడు. మొదటి వాక్యం ఆమె తేనెలా చదివింది. రెండోది చదవబోతుంటే గేటు ముందు రత్తయ్య మోపెడ్ ఆగింది. వెనక డబ్బాలో రొయ్యలు.

ఇదేదీ ఆసిమ్‌కి తెలియదు. అతని ప్రోగ్రాం ఆ రికార్డింగుని మౌనం వచ్చిన ప్రతిచోటా కోసి, ముక్కలకి వరసగా నంబర్లు వేసింది. ఒకటో తప్పుకి ఒకటో ముక్క, రెండో తప్పుకి రెండో ముక్క. టైము లేదు. ఒకటోది మాత్రం నొక్కి విన్నాడు. "లైను చివర సెమికోలన్ మరిచిపోయారండీ." అద్భుతం! ల్యాప్‌టాప్ సంచిలో పడేసి ఆటో ఎక్కాడు.

పదిన్నర. నలభై కంప్యూటర్లు, నలభై స్పీకర్లు. వినిపించేది తన నాయనమ్మ జమాల్ బీ గొంతని ఆసిమ్ అందరికీ చెప్పాడు. దీవెన మేడమ్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. ఓ మూల నుంచి మొదటి తప్పు పలికింది. "సెమికోలన్ మరిచిపోయారండీ." మేడమ్ ముఖం కొంచెం మెత్తబడింది.

అప్పుడు జయంత్ అనే కుర్రాడు ఒక బ్రాకెట్ మూయడం మరిచాడు.

"రొయ్యలు ఇవాళ్టివా, నిన్నటివా?" అని నిలదీసింది కంప్యూటర్.

నలభై తలలూ అటు తిరిగాయి. జయంత్ చెయ్యెత్తాడు. "సార్, నేను రొయ్యలేం రాయలేదు సార్."

రెండు వరసల అవతల రత్తయ్య గొంతు మోగింది. "ఇవాళ్టివేనండీ, మీసాలు చూడండి, ఇంకా ఆడుతున్నాయి!"

"మాటలొద్దు, తల చూపించు," అంది కిటికీ పక్క కంప్యూటర్.

"నిన్న మా కోడలికి అంటగట్టావే, అవి పిల్లి కూడా ముట్టలేదు!" అంది ఇంకోటి.

తలుపు దబ్బున తెరుచుకుంది. వాచ్‌మన్ అంతోని చెమటలు కక్కుతూ లోపలికొచ్చాడు. "మేడమ్, ప్రభువు సాక్షి, నేను గేటు వదల్లేదండీ. ఈ రొయ్యలవాడెట్లా దూరాడో తెలీదండీ!" అంటూ బల్లల కింద వెతకసాగాడు. వెనకాలే క్యాంటీన్ శౌరమ్మ, చేతిలో పెద్ద గిన్నె. "రొయ్యలొచ్చాయంటగా? పెద్దవేనా?"

ఆసిమ్ కళ్ళ ముందు టైర్లు దొర్లాయి. ఏ స్పీకర్ ఆపితే దాని పక్కది అందుకుంటోంది.

"ఆసిమ్ గారూ!" దీవెన మేడమ్ గొంతు అన్నిటినీ మించింది. "అన్నీ కట్టెయ్యండి. చాలు." తర్వాత పిల్లల వైపు తిరిగారు. "ఇంత గోలలో ఎవరిదైనా ప్రోగ్రాం నడిచిందా?"

చేతులు లేచాయి. ఆమె లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టారు. ముప్ఫై ఆరు.

"పోయినవారం తొమ్మిది మందే కదా! కాపీ కొట్టారా?"

"లేదు మేడమ్," అన్నాడు జయంత్. "సెమికోలన్ అని చెప్తే సరేలే అనుకునేవాళ్ళం. తల చూపించమంటే ఏం అర్థమవుతుంది? అసలు సంగతేంటా అని తెర మీద ఉన్నది చదివాం. ఏ లైనో, ఏం తప్పో అక్కడ రాసే ఉంది మేడమ్!"

"రోజూ రాసే ఉంటుంది కదరా!"

"రోజూ ఎవరు చదువుతారు మేడమ్?"

దీవెన మేడమ్ స్టూల్ మీద కూలబడ్డారు. "పద్దెనిమిదేళ్ళు," అన్నారు నెమ్మదిగా. "చదవండర్రా, చదవండర్రా అని పద్దెనిమిదేళ్ళుగా గొంతు చించుకుంటున్నాను." ఆమె కళ్ళు చెమర్చాయి. నవ్వుకో, దేనికో ఆసిమ్‌కి తెలియలేదు.

"గొంతు సరిచేసి సాయంత్రానికి పంపిస్తానండీ."

"దాని జోలికి వెళ్ళకండి. అలాగే ఉంచండి."

మెట్ల దగ్గర ఏంజెల్ ఎదురొచ్చింది. "అన్నా, నా ప్రోగ్రాం నడవడం ఇదే మొదటిసారి. తిట్లన్నీ రొయ్యలాయనకే పడ్డాయి, మాకు ఒక్కటీ పడలేదు. మామ్మగారికి నా థ్యాంక్స్ చెప్పన్నా." ఆసిమ్ తలూపి మెట్లు దిగాడు.

ఇంటికెళ్ళి నాయనమ్మ చేతులు కళ్ళకద్దుకున్నాడు. "నీ దువా ఫలించింది దాదీ. నిలబెట్టావు."

"నాదేముందిరా పిచ్చోడా, చదవమన్నవి సగం చదవనేలేదు. ఆ రత్తయ్యకి చెప్పుకో."

మర్నాడు గేటు దగ్గర చెప్పుకున్నాడు కూడా. రత్తయ్య బెదిరిపోయాడు. "నలభై మందికి నేను చదువు చెప్పానా? ఊరుకోండి బాబూ, నేను మూడో క్లాసు!" అంటూనే రెండు గుప్పిళ్ళు ఎక్కువేశాడు.

ఆ మధ్యాహ్నమే కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. రెండు ల్యాబ్‌లలోనూ ఎడిటర్ పెట్టాలి, షరతు ఒక్కటే: పరీక్ష జరిగే మూడు గంటలూ జమాల్ బీ గారు మాట్లాడకుండా ఉండే సదుపాయం కల్పించాలి.

అలాంటి సదుపాయం ఆ ఇంట్లో యాభై ఏళ్ళుగా ఎవరికీ సాధ్యపడలేదు.