రేకు తెలిసినవాడు

విజయవాడలో కార్ల రేకు మందం, ఆ కారు గురించి జనం ఏమనుకుంటున్నారో దాన్నిబట్టి పెరగడం, తగ్గడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. మొదట్లో జనం కాస్త ఆశ్చర్యపోయారు. కానీ మనవాళ్లకి ఆశ్చర్యపోవడానికి తీరికెక్కడిది? వారం తిరక్కుండానే అలవాటుపడిపోయారు. పేరున్న కంపెనీ కారును చూసి నలుగురు "అబ్బో" అంటే దాని తలుపు రేకు రెండు మిల్లీమీటర్ల దాకా లావెక్కేది. పేరులేని కారును చూసి ఎవరైనా పెదవి విరిస్తే అది అక్కడికక్కడే అప్పడంలా పలచబడేది. ప్రభుత్వం వెంటనే గౌరవ కొలతల కార్యాలయం అని ఒకటి తెరిచింది. ఎందుకిలా అవుతోందని కనుక్కోవడానికి కాదు, కొలిచి రాసిపెట్టడానికి.

కొత్త కారు కొన్నవాళ్లు వారంలోపు దాన్ని ఆ కార్యాలయం ఆవరణలో నిలబెట్టాలి. వెంట ముగ్గురు సాక్షుల్ని తెచ్చుకోవాలి. ఒకరు బంధువు, ఒకరు పక్కింటివాళ్లు, ఒకరు ఎదురుగా టీ కొట్టు దగ్గర దొరికిన ముక్కూమొహం తెలియని మనిషి. ముగ్గురూ కారు చుట్టూ ఒకసారి తిరిగి, తోచింది అనుకోవాలి. పైకి అనక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. అప్పుడు అధికారిణి పరికరం ఆనించి మందం రాసుకునేది. బంధువుల్లో తోడల్లుడి అభిప్రాయానికి మూడు రెట్ల విలువ ఇవ్వాలని మొదటి నెలలోనే ఉత్తర్వు వచ్చింది. దానికి మాత్రం కారణం ఎవరూ అడగలేదు.

కాళహస్తి ఆటోనగర్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లుగా డెంటింగ్ మేస్త్రీ. సొట్టపడిన కారు తలుపుల్ని లోపలినుంచి సుత్తితో కొట్టి మళ్లీ తిన్నగా తేవడం ఆయన పని. మధ్యవేలి కణుపుతో రేకు మీద ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విని, అది ఎంత మందమో, కిందటిసారి పుట్టీ ఎక్కడ పూశారో చెప్పేసేవాడు. ఊరంతా ఏమనుకున్నా ఆ వేలు మాత్రం తన మానాన తను నిజం చెప్పేది. అదే ఆయనకి కూడు పెట్టింది. ఆయన గర్వమంతా కూడా అదే.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఇందుమతికి తిరువూరులో ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పొద్దున వెళ్లి సాయంత్రం రావాలి, దారి పొడుగునా లారీలే. ఆ దారిలో నుజ్జయిన కార్లు ఎన్నో కాళహస్తి షెడ్డుకే వచ్చేవి. సీటు కింద ఇరుక్కున్న చెప్పుల్ని, పిల్లల నీళ్లసీసాల్ని ఆయన తన చేతుల్తో బయటికి తీశాడు. కూతురు స్టీరింగు పట్టుకుంటానన్న రోజున ఆయనకి అన్నం సయించలేదు.

"బస్సులో పోరాదూ?" అన్నాడు.

"రెండు బస్సులు మారాలి నాన్నా. తొమ్మిదింటికల్లా క్లాసులో ఉండాలి."

సరే, కారు తప్పదు. తప్పదన్నాక గట్టి కారు కావాలి. ఆయనకి రంగు అక్కర్లేదు, పాటల పెట్టె అక్కర్లేదు. లారీ తగిలినా పిల్ల తలుపు తీసుకుని నడిచి బయటికి రావాలి, అంతే.

రెండు వారాలు ఊళ్లో షోరూములన్నీ తిరిగి, ప్రతి కారునీ వేలితో కొట్టి చూసి, తుమ్మెద అనే కారు కొన్నాడు. పేరు పెద్దగా ఎవరూ వినలేదు గానీ రేకు నిండుగా "ధిమ్" అంది. తలుపుల్లో అడ్డంగా ఉక్కు కమ్మీలున్నాయి. ఢీకొంటే ఉబ్బే గాలిసంచులు ఆరు. పైగా ధర కూడా తక్కువే. ఇంటిముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, భార్య పుష్పావతి మిఠాయి డబ్బా తెరిచేసరికి, ఆమె అక్క మొగుడు ఉమామహేశ్వరం వచ్చాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువునైనా ముందు కళ్లజోడు పైనుంచి, తర్వాత కిందనుంచి చూడటం ఆయనకి అలవాటు.

"తుమ్మెదా? ఎవరిదీ కంపెనీ తమ్ముడూ? ఎప్పుడూ విన్లేదే!"

బానెట్ మీద ఒక చిన్న సొట్ట పడింది.

"కొత్త కంపెనీ అన్నయ్యగారూ. సరుకు మాత్రం గట్టిది. పైగా అరవై వేలు తగ్గించి ఇచ్చారు," అన్నాడు కాళహస్తి.

ఈ ఊళ్లో ఏ కారు కొన్నవాడూ చేయకూడని తప్పు అదే. ముప్ఫై ఏళ్లు రేకుతో బతికిన మనిషికి జనం సంగతి తెలియలేదు. తగ్గించారన్న మాట చెవిన పడగానే ఉమామహేశ్వరం, పక్కింటి పార్థసారథి, మిఠాయి కోసం ఆగిన ఇస్త్రీ ఆమె ముగ్గురూ ఒకేసారి "ఓహో" అనుకున్నారు. కారు పైకప్పు మెత్తగా నిట్టూర్చి సీట్ల మీదికి వాలిపోయింది. పుష్పావతి బానెట్ మీద పెట్టిన హారతి పళ్లెం రేకు చించుకుని ఇంజను మీదికి జారింది.

కొలతల కార్యాలయంలో అధికారిణి విశాలాక్షి గారు పరికరం ఆనించి, సున్నా పాయింట్ రెండు మిల్లీమీటర్లు అని రాసింది. ధ్రువపత్రంలో షరతుల గడిలో "చూసేవారు లేని దారుల్లో మాత్రమే నడపవలెను" అని చేర్చింది. అలాంటి దారి ఏదైనా జిల్లాలో ఉంటే చెప్పమని కాళహస్తి అడిగాడు. అది తమ విభాగం కిందికి రాదందామె.

మర్నాడే తుమ్మెదని షోరూములో తిరిగిచ్చేశాడు. అక్కడి మేనేజరు ఒక్క మాట కూడా అడక్కుండా తీసుకున్నాడు. రోజుకి రెండు తిరిగొస్తున్నాయట. సాయంత్రం ఆ మేనేజరు తాళం వేసి తన కారులో ఇంటికి బయల్దేరాడు. అది ఐరావతం.

ఐరావతం పేరు చెబితే ఊళ్లో లేచి నిలబడేవాళ్లు. టీవీలో ఆ ప్రకటన చూడనివాళ్లు లేరు. తెల్లమీసాల తాతగారు, వెనక సీట్లో మనవరాలు, కిటికీ అవతల వాన, "మనవాళ్ల కోసం" అని గంభీరమైన గొంతు. మీసాలాయన ఇంకేమీ మాట్లాడడు, తల ఊపుతాడంతే. ఆ తల ఊపుకే నగరంలో పదకొండు వేల కార్లు అమ్ముడయ్యాయి. కాళహస్తి ఐరావతం షోరూములో ఎవరూ చూడకుండా వేలితో కొట్టాడు. డాల్డా డబ్బా చప్పుడొచ్చింది. సున్నా పాయింట్ ఆరు ఉంటుందేమో. ఆయన నోరు మూసుకుని సంతకం పెట్టాడు. ఇనుము ఎలా ఉంటేనేం, జనం ఉన్నారు కదా అనుకున్నాడు.

జనం ఉన్నారు. కార్యాలయం ఆవరణలో ఉమామహేశ్వరం కళ్లజోడైనా సర్దుకోకుండా "ఐరావతం! ఇదీ కారంటే!" అన్నాడు. పార్థసారథి అద్దంలో తల దువ్వుకున్నాడు. టీ కొట్టు నుంచి వచ్చిన కొత్త మనిషి చెప్పులు విప్పి మరీ చుట్టూ తిరిగాడు. రెండున్నర తప్పదనుకుంటూ విశాలాక్షి గారు పరికరం ఆనించింది. సున్నా పాయింట్ ఆరు. బ్యాటరీ మార్చి మళ్లీ ఆనించింది. సున్నా పాయింట్ ఆరే.

"ఇక్కడ రేకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

అందరూ కాళహస్తి వైపు చూశారు.

"మీరు కాస్త టీ కొట్టు దాకా నడవండి."

ఆయన నడిచాడు. గేటు దాటేసరికి ఒకటి, రోడ్డు దాటేసరికి ఒకటిన్నర, కొట్టు వెనక్కి పోయి గోడ వైపు తిరిగేసరికి రెండున్నర. "ఇప్పుడు వెనక్కి రండి" అని కేకేసింది. ఒక్కో అడుగుకీ అంకె దిగుతూ వచ్చింది. ఆయన కారు పక్కకి చేరేసరికి మళ్లీ సున్నా పాయింట్ ఆరు దగ్గరే నిలిచింది.

"తెలిసినవాడు ఒక్కడుంటే, అనుకునేవాళ్లు ఎంతమందున్నా చాలరండీ," అంది విశాలాక్షి గారు, ఫారంలో నింపుకుంటూనే.

"మరి ఆ తుమ్మెద గట్టిదని కూడా నాకు తెలుసు కదమ్మా! అప్పుడు నా తెలివి దాన్నెందుకు నిలబెట్టలేదు?"

ఆమె కలం ఆపి, మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. "మెచ్చుకునేవాడు ఒక్కడైతే లెక్కలోకి రాడండీ. శంకించేవాడు ఒక్కడు చాలు. రూలు మేం పెట్టింది కాదు. మేం రాకముందు నుంచీ అంతే."

తెలిసినవాళ్ల కోసం ఆ కార్యాలయంలో వెనక ఒక గది ఉంది. ఆటోనగర్ మేస్త్రీలు, రిటైరైన ఇంజనీర్లు అక్కడ బెంచీల మీద వరసగా కూర్చుని నమ్మకం కుదిరేదాకా ఐరావతం ప్రకటన చూస్తారు. కాళహస్తి పదకొండు రోజులు చూశాడు. తాతగారి మీసంలో ఎడమవైపు ఒక నల్ల వెంట్రుక ఉందని కనిపెట్టాడు. పన్నెండో రోజుకి ఆయన కళ్లు నమ్మాయి, మనసూ చాలావరకు నమ్మింది. వేలు నమ్మలేదు. పరీక్షలో సున్నా పాయింట్ తొమ్మిది వచ్చింది. "సంతృప్తికరం, తండ్రి దూరంగా ఉండవలెను" అని రాసి సర్టిఫికెట్ ఇచ్చారు.

ఉద్యోగంలో చేరిన మూడో రోజు ఇందుమతి ఫోన్ చేసింది. మైలవరం దాటాక పాల వ్యాను వచ్చి గుద్దిందట.

"నాకేం కాలేదు నాన్నా. కారు మీద గీత కూడా పడలేదు. వ్యానుకే ముందు భాగం పోయింది. చుట్టూ జనం చేరి ఐరావతం ఐరావతం అంటున్నారు."

కాళహస్తి స్టూలు మీద కూలబడ్డాడు. దేవుడా అనుకున్నాడు. ఆ వెనకే, తను పిలవకుండానే, ఇంకో ఆలోచన వచ్చింది: ఆ రేకు ఎలా ఆగిందబ్బా?

ఫోను చెవి దగ్గరుంటే ఎంత దూరమైనా దగ్గరే. అందులో పెళపెళమని చప్పుడైంది.

"నాన్నా! ఇప్పుడేం అనుకున్నావ్? తలుపు లోపలికి పోయింది!"

"ఏం లేదమ్మా, ఏం లేదు! బంగారం లాంటి బండి! ఏనుగు లాంటి బండి!" అని ఆయన షెడ్డు దద్దరిల్లేలా అరిచాడు. పక్క షెడ్ల వాళ్లు వచ్చి చూశారు. ఆయన ఏడుస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఎవరెవరి కార్లో బాగుచేసిన ఆ వేలే ఇప్పుడు తన పిల్లకి లారీలకన్నా పెద్ద గండమైంది. ఆ సంగతి ఆయనకి భరించరానంత బాధ కలిగించింది.

ఆ రోజునుంచి ఆయన పద్ధతి మార్చుకున్నాడు. నమ్మడం తన చేతిలో లేదు గానీ, నమ్మించడం ఉంది కదా. షెడ్డు గోడకి ఐరావతం క్యాలెండరు తగిలించాడు. కారు కొందామని సలహాకొచ్చిన ప్రతివాడికీ ఐరావతమే తీసుకోమని చెప్పాడు. అంతటి మేస్త్రీ చెబితే ఇంక తిరుగేముంది! ఒక్కొక్కరు కొనేకొద్దీ, కొన్నాక తాము కొన్నదాన్ని తామే పొగుడుకునేకొద్దీ, తిరువూరు దారిలో ఇందుమతి తలుపు ఇంకో వెంట్రుకవాసి మందమయ్యేది. తుమ్మెద షోరూము దసరాకి ముందే మూతపడింది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక కుర్ర జంట వచ్చింది. ఆ అమ్మాయికి ఏడో నెల. తుమ్మెద కంపెనీ గుంటూరులో ఇంకా అమ్ముతోందట. ఇద్దరూ కాగితం మీద గాలిసంచులు, ఉక్కు కమ్మీలు అన్నీ రాసుకొచ్చారు.

"మా నాన్నగారు ఐరావతం అంటున్నారండీ," అన్నాడు అబ్బాయి. "మాకేమో లెక్క చూస్తే తుమ్మెదే గట్టిదనిపిస్తోంది. మీరు వేలితో కొట్టి చెబుతారట కదా, బాబాయ్ గారూ. మీ మాటే ఫైనల్."

కాళహస్తి కాగితం చదివాడు. అందులో ప్రతి అక్షరం నిజం. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని, నడుం పట్టుకుని, ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన తన మధ్యవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"ఐరావతం తీసుకోండమ్మా," అన్నాడు. "మా అమ్మాయి అందులోనే వెళ్తుంది."

వాళ్లు ఆయనకి దణ్ణం పెట్టి వెళ్లారు. ఆ రోజు ఆయన ఇంకో కారు మీద చెయ్యి వేయలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున ఏడుంబావుకి కాళహస్తి పెరట్లోకి వెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడతాడు. ఆ వీధిలో ఆ వేళకి అలా నిలబడే మగవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. ఒకాయన రైల్వే వర్క్‌షాపు, ఒకాయన వెల్డరు, ఒకాయన ఊరికే లెక్కలు బాగా వచ్చినవాడు. గోడల మీదుగా ఒకరినొకరు పలకరించుకుంటారు. అన్నిటికన్నా కష్టం కారు తలుపు మూసే చప్పుడు. రేకు ఎంత పలచనిదో ఆ ఒక్క చప్పుడులో తెలిసిపోతుంది. అందుకని తలుపు మూసేముందు ఇందుమతి వీధిలోంచి ఒకసారి కేకేస్తుంది.

"నాన్నా, చెవులు మూసుకున్నావా?"

"మూసుకున్నానమ్మా," అంటాడు కాళహస్తి, గోడకి తల ఆనించి. "నువ్వు జాగ్రత్తగా వెళ్లు."