సీసాలో సాక్షి

వంటింట్లో ఒక్క బొద్దింక కూడా లేదంటేనే ఇంటికొస్తానని చెప్పి మాస్టారి భార్య చెల్లెలింటికి వెళ్లిపోయింది. మాస్టారు మందు చల్లించారు. ఈ ఉదయం ఆమె చూసుకోవడానికి వస్తోంది. తన చేతి వంటతో నోరు చచ్చిపోయి ఉన్న ఆయన పొద్దున్నే లేచి పొయ్యిగట్టు తుడుస్తున్నారు.

గిన్నెల వెనక నుంచి ఒక బొద్దింక వచ్చింది.

మాస్టారు చెప్పు తీశారు. ఒక్క దెబ్బ వేస్తే చాలు, భార్య ఇంట్లో ఉంటుంది. కానీ ఆయన సర్వీసంతా పిల్లల వాక్యాలు దిద్దిన మనిషి. మందు చల్లినతని బండి మీద 'సమూల నిర్మూలన' అని రాసి ఉంది. చెప్పు కింద పడేసి బొద్దింకను కాఫీపొడి సీసాలో వేశారు. ఊపిరాడదని మూతకు చిల్లులు పొడిచారు. నీరసంగా కనిపిస్తే రొట్టెముక్క వేశారు. తర్వాత అతనికి ఫోన్ చేశారు.

"నిర్మూలన అంటే ఏంటయ్యా?"

"చంపడమే కదా మాస్టారూ."

"వేళ్లతో సహా పీకేయడం. ఒక్కటి మిగిలినా ఆ మాట వాడకూడదు. బండి మీద 'తగ్గింపు' అని రాయించుకో. సాక్ష్యం చూపిస్తా, రా."

అతను వచ్చి సీసా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను హామీ ఇచ్చింది ఇంట్లో తిరిగేవాటికి. ఇది పెంపుడుది."

"పెంపుడుదేంటి? సాక్షి."

"సాక్షికి మీరే తిండి పెడితే కేసు నిలబడదు మాస్టారూ."

"ఎవరికండీ తిండి?" అంది భార్య గుమ్మంలోంచి. సంచి అప్పుడే కింద పెట్టింది.

మాస్టారు సీసాను వెనక దాచబోయారు. మూత ఊడింది. నేల మీద పడ్డ సాక్షిని చూసి ఆమె స్టూలెక్కి కళ్లు మూసుకుంది. మగవాళ్లిద్దరూ నేలంతా వెతికారు. దొరకలేదు.

"నిర్మూలన అన్నారు?"

"నిర్మూలనేనమ్మా. ఇది మాస్టారు పెంచుకుంటున్నది" అన్నాడతను.

ఆమె స్టూలు దిగి సంచి అందుకుని, తను వచ్చిన ఆటోలోనే ఎక్కింది. సంచి పక్క జేబులోంచి రెండు మీసాలు కదలడం మాస్టారు చూశారు. చెబుదామని నోరు తెరిచేసరికి ఆటో కదిలింది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏమండీ, వీళ్లింట్లో కూడా బొద్దింక. బాగా తిని పెరిగినట్టుంది, పుష్టిగా ఉంది. మా చెల్లెలు ఆ మందు చల్లినతని నంబరు అడుగుతోంది. మీ పెంపుడుది దొరికిందా?"

"మనింట్లో లేదు. ఇప్పుడు మాత్రం నిర్మూలనే."

"అర్థం చూసుకునే అంటున్నారా?"

"వేళ్లతో సహా."

"అయితే వచ్చేస్తున్నా. పాపం, మా చెల్లెలికే ఇప్పుడు తంటా. ఈ బొద్దింక దాని వంటింట్లోనే పుట్టి పెరిగింది."

ఆ వాక్యాన్ని మాస్టారు దిద్దలేదు.