అడుగున పేరున్న గిన్నె

పొరుగునున్న శశికాంత్ ఇంటివాళ్లు గిన్నె కాజేశారు. ఇది ఆరోపణ కాదు, జరిగిన సంగతి. మూడేళ్ల కిందట లక్ష్మీపతి భార్య జ్ఞానప్రసూన ఆ గిన్నెలో వాళ్లకు పులిహోర పంపింది. ఆ నెలలోనే ఆవిడ కన్నుమూసింది. గిన్నె తిరిగి రాలేదు. పుట్టింటి నుంచి ఆమె అమెరికాలోని ఈ ట్రాయ్ ఊరి దాకా మోసుకొచ్చిన గిన్నె అదొక్కటే. అడుగున ఆమె పేరు చెక్కించి ఉంటుంది.

శనివారం పొద్దున గడ్డం గీసుకుంటూ లక్ష్మీపతి పథకం వేశాడు. మధ్యాహ్నం శశికాంత్ పెరట్లో బర్గర్ల పార్టీ. వెళ్లాలి. గిన్నె పట్టుకోవాలి. అందరి ముందూ నిలదీయాలి.

కనబడనే కనబడింది. అదే స్టీలు, అదే అంచు. నిండా చిల్లీ, అంటే బీన్సూ కోడి కైమా కలిపి ఉడికించిన చిక్కటి కూర. దాన్ని గరిటెతో బర్గర్ల మీద పోస్తున్నారు. గిన్నె కింద కరెంటు పొయ్యి. అడుగు చూడాలంటే ముందు అది ఖాళీ కావాలి.

"ఇంకాస్త వెయ్యమ్మా," అన్నాడు లక్ష్మీపతి, శశికాంత్ భార్య రష్మితో.

"నిజంగానా అంకుల్? నచ్చిందా?"

"బాగుంది."

అబద్ధం. ఉప్పు లేదు. అయినా మూడు బర్గర్లు తిన్నాడు. పక్కనున్న చక్రపాణి ప్లేటులో తనే రెండు గరిటెలు గుమ్మరించాడు.

"చాలండీ బాబూ, నాకు షుగరు!"

"ఇందులో పంచదార లేదు. తినండి."

గిన్నె అడుగంటబోతుండగా రష్మి లోపల్నుంచి పరుగున వచ్చి మళ్లీ నింపింది. "ఫ్రిజ్‌లో ఉన్నదంతా వేడి చేసేశా. అంకుల్ ఫస్ట్ టైమ్ బాగుందన్నారు!"

శశికాంత్ ఫోనులో వీడియో మొదలుపెట్టాడు. "ఫిఫ్త్ వన్ అంకుల్, కానివ్వండి!"

ఐదోదానికి లక్ష్మీపతికి చెమటలు పట్టాయి. ఆరోదానికి ఓపిక లేక, గుడ్డతో గిన్నె పట్టుకుని ట్రేలోకి ఒంపేశాడు. చిల్లీ ట్రే దాటి శశికాంత్ తెల్ల బూట్ల మీదికి పారింది. లక్ష్మీపతి గిన్నె తిరగేశాడు.

"రష్మి పెళ్లికి అమ్మమ్మ" అని ఉంది.

"ఏం వెతుకుతున్నారు అంకుల్?" అంది రష్మి.

"మా ఆవిడ గిన్నె. మూడేళ్లుగా మీ దగ్గరే ఉంది."

రష్మి లోపలికెళ్లి తెచ్చింది. తళతళలాడుతోంది. నిండా చిల్లీ.

"ఆంటీ గిన్నె ఖాళీగా ఎలా ఇస్తాను అంకుల్? నా లడ్డూలు రాళ్లన్నారు. సాంబారు నీళ్లన్నారు. మీకు నచ్చేది ఏదైనా చేశాకే ఇద్దామని ఆగాను. ఇవాళ కుదిరింది."

లక్ష్మీపతి గిన్నెను తలకన్నా పైకెత్తి అడుగు చూశాడు. పేరుంది. రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచాడు.

ఆ గిన్నెలోది పారబోయడానికి చెయ్యి రాలేదు. ఉప్పు కలుపుకుని నాలుగు రోజులు తిన్నాడు. ఈ సంగతి ఆయన మళ్లీ ఎత్తడు, ఎవరూ అడగనక్కర్లేదు.