బంతి తాకని గోల్‌కీపరు

బాల్యం నిడివి మూడున్నర నిమిషాలు. అంతకు మించిన బాల్యాన్ని చూసే తీరిక కాలేజీ కోచ్‌లకు లేదు గనుక, పదహారేళ్ళు నిండిన ప్రతి క్రీడాకారిణీ తన జీవితాన్ని ఆ కొలత వీడియోగా కుదించి, లింకు రూపంలో సమర్పించుకోవాలి.

ఒహాయోలోని మా ఊళ్ళో ఈ బృహత్కార్యాన్ని తల్లిదండ్రుల క్లిప్పుల సంఘం పర్యవేక్షిస్తుంది. నిబంధనలు పద్నాలుగు. అమ్మాయి తల మీద బాణం గుర్తు తిరుగుతూ ఉండాలి (బాణం లేని పిల్లను దేవుడు గుర్తుపట్టవచ్చు, కోచ్ గుర్తుపట్టడు). మైదానంలోని మాటలన్నీ తుడిచేసి సంగీతం పెట్టాలి. ఒక తండ్రి రెఫరీ వంశం గురించి వెలిబుచ్చిన అభిప్రాయాలు ఏడు కాలేజీలకు చేరాక వచ్చిన నిబంధన ఇది.

మా అమ్మాయి బ్రిన్ స్కూలు సాకర్ జట్టులో గోల్‌కీపరు. ముప్ఫై ఒక్క కాలేజీలకు రాస్తే మిషిగన్ నుంచి ఒక్క కోచ్ జవాబిచ్చింది. కీపరు స్థానం ఒకటే ఖాళీ ఉందట. నవంబరు ఒకటో తేదీలోగా, బంతి ఆపిన దృశ్యాలు ఎనిమిదైనా ఉన్న వీడియో పంపాలట.

అప్పటికి జట్టు ఏడు ఆటలు ఆడింది. మా మీద ఒక్క గోలూ పడలేదు. లోకం దీన్ని విజయమంటుంది. సంఘం భాషలో దీని పేరు ముడిసరుకు కొరత. మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని, వేళ్ళు కొయ్యబారేదాకా ఏడు ఆటలూ చిత్రీకరించి నేను సంపాదించినవి రెండే రెండు దృశ్యాలు. మొదటిది మా జట్టు పిల్లే వెనక్కి తన్నిన బంతి. రెండోది బంతి కాదు, మైదానంలోకి వచ్చిన కుక్క.

తప్పంతా బ్రిన్ నోటిది. ఆట మొదలైన దగ్గర్నుంచి గోలు ముందు నిలబడి అరుస్తూనే ఉంటుంది. "కెండ్రా, ఎడమకి! ఇంకా ఎడమకి! నీ వెనకాల ఎవరున్నారో చూడవే, నిద్రపోతున్నావా?" ముందు కాపలా కాసే డిఫెండర్లు ఆమె చెప్పినచోటికి పరుగెడతారు. అవతలి జట్టుకు బంతి తన్నే సందే దొరకదు. ఇలాంటి పిల్లను ఏ కెమెరా పట్టుకుంటుంది?

"ఒక్క ఆటకి నోరు మూసుకోవే," అన్నాను కారులో.

"అమ్మా, బంతి నా దాకా రాకపోవడమే నా పని."

"ఆ పని వీడియోలో కనిపించదు కదా."

"మరి గోల్స్ పడితే?"

"అవి కత్తిరిస్తాను."

"ఆ కాలేజీవాళ్ళు నన్ను తీసుకుంటారా?" అంది.

"ఎనిమిది ఉంటే చూస్తారట."

"సరే. ఒక్కటే ఆట."

కెండ్రా తల్లి డార్లా మా సంఘానికి మట్టి దృశ్యాల కార్యదర్శి. విషయం చెవిన వేస్తే ఎగిరి గంతేసినంత పని చేసింది. "బతికించావు తల్లీ! మా పిల్ల ఈ ఏడాది ఒక్కసారి కూడా కిందపడలేదు. మోకాళ్ళకి మట్టంటని డిఫెండర్ని ఎవరు చూస్తారు చెప్పు?" బ్రిన్ వేసుకునే నల్ల జెర్సీ తెరమీద కనబడదని, ఒకటో నంబరుది తీసి ముప్ఫయ్యో నంబరు నారింజరంగుది కూడా తనే తెప్పించింది.

ఎనిమిదో ఆటలో బ్రిన్ పెదవి విప్పలేదు. పావుగంటలో కెండ్రా నాలుగుసార్లు మట్టిలో దొర్లింది. డార్లా ఆనందబాష్పాలు తుడుచుకుంది. బంతులు వానలా వచ్చాయి. బ్రిన్ ఎగిరింది, దూకింది, వేలికొసలతో నెట్టింది. మా కోచ్ మైదానం అంచు గీతదాకా పరుగెత్తుకొచ్చి, "ఏమైందమ్మాయ్, గొంతు పోయిందా?" అని అరిచాడు. బ్రిన్ నావైపు చూసింది. నేను కెమెరావైపు చూశాను.

పదకొండు ఆపింది. నాలుగు పడ్డాయి. సంఘం చరిత్రలోనే అత్యుత్తమ ముడిసరుకుతో మేము ఓడిపోయాం. ఆట అయ్యాక కెండ్రా దగ్గరకొచ్చి, "నువ్వు అరవకపోతే ఎటు వెళ్ళాలో తెలీలేదే," అంది. బ్రిన్ దానికీ జవాబు చెప్పలేదు. ఆట ముగిసిందని ఎవరైనా ఆమెకు చెప్పి ఉండాల్సింది.

పడ్డ నాలుగూ కత్తిరించి, సంగీతం పెట్టి, బాణం తగిలించి పంపాను. వారంలో జవాబొచ్చింది.

"మీ అమ్మాయి చేతులు బాగున్నాయి. కానీ వీడియో అంతటా ఆమె నోరు కదలలేదు. మాట్లాడని కీపరు మాకు పనికిరాదు. ఫలితాల పట్టిక చూశాం, అందులో పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. మొదటి ఏడు ఆటల్లో మీ జట్టుకు ఒకటో నంబరు కీపరు ఉంది. ఒక్క గోలూ పడలేదు, అసలు అవతలివాళ్ళకు బంతి తన్నే అవకాశమే రాలేదు. మాకు అలాంటి అమ్మాయి కావాలి. దయచేసి ఆమె వీడియో ఉంటే పంపండి."

ఆ అమ్మాయి ఏ కెమెరాకీ దొరకలేదని, నిబంధనల ప్రకారం, మర్యాదగా జవాబు రాశాను.